కోనాపురం వంతెన మీద పొగ

జహీరాబాద్,
28 డిసెంబరు 1960

అక్కకు ప్రకాశం వందనాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ మరదలు మార్త క్షేమం. నా పరువు మాత్రం అంత క్షేమంగా లేదు, ఆ సంగతే రాస్తున్నాను.

నా స్టూడియోలో కూర్చున్నవాళ్ళెవరూ ఫోటోలో తమలాగ పడరని నీకు తెలుసు. కదలొద్దంటే తుమ్ముతారు, నవ్వమంటే ఏడుపు మొహం పెడతారు. ఇప్పటిదాకా నా కెమెరాకు చక్కగా కుదిరినవాళ్ళు చనిపోయినవాళ్ళే. కుర్చీలో కూర్చోబెట్టి దండ వేసి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడితే, అందరిలో కదలకుండా ఉండేది ఆ ఒక్కరే. అందుకని ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా నన్ను చూసి తలుపు వేసుకుంటున్నారు. మొన్న ఒకావిడ నన్ను గుమ్మంలో ఆపి, "ముసలాయనకు ఇంకా బాగనే ఉన్నది, నువ్వు జర అవతలికెళ్ళి పో" అన్నది. నేను ఉప్పు కొనడానికి పోతున్నాను.

ఇట్లాంటి నాకు రైలుబండి ఫోటో తీయాలన్న పిచ్చి పట్టింది. కూర్చున్న మనిషే నిలవని కెమెరాకు ఉరికే రైలు నిలుస్తదా అని మార్త అడిగింది. హైదరాబాదులో ఒక సచిత్ర వారపత్రికవాళ్ళు రైళ్ళ మీద ఫోటోల పోటీ పెట్టారు. గెలిచిన ఫోటోను అట్ట మీద వేసి, కింద తీసినవాడి పేరు వేస్తారట. అక్కా, నా పేరు అచ్చులో ఎక్కడా లేదు. గోడ మీద స్టూడియో బోర్డులో ఉంటే దాని మీద కాకులు వాలుతున్నాయి. ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని నాకు చచ్చేంత ఆశగా ఉంది.

నిజాం కాలం ఇంజన్లను ఒక్కొక్కటే తీసేస్తున్నారని బావ చెప్పాడు కదా. ఆయన నడిపే ఆ ముసలి ఇంజన్‌ను పోకముందే పట్టుకోవాలి. న్యాల్‌కల్ దాటాక, మంజీరలో కలిసే ఏరు ఉంది చూడు, ఆ లోయలో కోనాపురం వంతెన దిగి బండి మలుపు తిరుగుతుంది. కింద నీళ్ళు, రెండు దిక్కులా కుసుమ చేలు, పైన బండి. దానికంటే అందమైన చోటు ఈ చుట్టుపక్కల లేదు.

ఇప్పటికి మూడుసార్లు పోయాను. మొదటిసారి మూడుకాళ్ళ కెమెరా నిలబెట్టి నల్లగుడ్డ కప్పుకోగానే, ఏటికి కట్ట కట్టి పొలాలు ముంచడానికి సర్వేసాబు వచ్చాడని ఊరంతా దిగింది. నన్ను మంచి చేసుకోవడానికి జొన్నరొట్టె, వంకాయకూర తెచ్చారు. నేను తింటుండగా బండి పోయింది. రెండోసారి బస్వమ్మ అనే ముసలమ్మ బర్రె వచ్చి కెమెరా ముందర నిలబడింది. బర్రె చాలా బాగా వచ్చింది. మూడోసారి అన్నీ కుదిరాయి, కెమెరా మూత తీయడం మరిచాను.

ఈసారి మీ ఇద్దరి సాయం కావాలి. బావతో ఒక మాట చెప్పు. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం ప్యాసింజరు మీద ఆయన డ్యూటీ ఉంటే, వంతెన మీద పొగ దట్టంగా వదలాలి. పొగ లేని రైలు ఫోటోలో గూడ్సు డబ్బాలా ఉంటుంది. ఇంకోటి, నేను మలుపు దగ్గర కట్ట మీద తెల్ల తువ్వాలు ఊపుతూ ఉంటాను. నా వైపు చూసి ఒక్కసారి చెయ్యి ఎత్తమను.

నీ తమ్ముడు,
ప్రకాశం


వికారాబాద్, రైల్వే క్వార్టర్లు,
5 జనవరి 1961

తమ్మీ ప్రకాశం,

నీ జాబు చదివి మీ బావ పొట్ట పట్టుకొని నవ్వాడు. నాగప్ప కూడా ఇక్కడే చాయ్ తాగుతున్నాడు, వాడికీ చదివి వినిపించాను. వాడు మీ బావ ఇంజన్ మీద ఫైర్‌మన్, బొగ్గు వేసేది వాడే. బర్రె ఫోటో ఒకటి తనకు పంపమన్నాడు.

పొగ సంగతి నాగప్ప చూసుకుంటాడట. వంతెన ఎక్కేటప్పుడు పారతో ఒక్కటే తీరుగా బొగ్గు ఎత్తిపోస్తే లోయంతా నల్లగా కమ్ముకుంటుందట. చెయ్యి ఎత్తే సంగతికి మీ బావ ముందు ఒప్పుకోలేదు. "బండి మీద ఉన్నోడు దారి చూడాలె గని తువ్వాల చూస్తడా" అన్నాడు. నేను బతిమాలితే సరే అన్నాడు. అంత పెద్ద మనిషి, తన ఫోటో పత్రిక మీద పడుతుందంటే లోపల సంబరమే.

వీళ్ళిద్దరినీ ఒకచోట కూర్చోబెడితే నా ఇల్లు ఇల్లులా ఉండదు. సిగ్నల్ కనపడగానే ఒకరు పైకి అరవాలి, రెండోవాడు చూసి అదే మాట తిరిగి అనాలి, ఇంజన్ మీద అది పద్ధతి. ఆ అలవాటు ఇంట్లోకి తెచ్చారు. నేను పప్పు అంటే నాగప్ప పప్పు అంటాడు, ఆ తర్వాత మీ బావ పప్పు అంటాడు. అప్పుడే కంచం ముందుకు జరుగుతుంది.

క్రిస్మస్ ఆరాధనలో చర్చి దీపాలు మసకగా ఉన్నాయని మీ బావ పాస్టరుగారితో వాదన పెట్టుకున్నాడు. నూనె కల్తీదట. వయసు వస్తున్నకొద్దీ ఆయనకు తగవులు ఎక్కువైతున్నాయి. ఇంకా రెండేండ్లు ఉద్యోగముంది, ఆ తర్వాత ఇంట్లో ఎవరితో తగవు పడతాడో ఏమో.

మార్తను అడిగానని చెప్పు. చలిలో కట్ట మీద కూర్చుంటావు, చెవులకు మఫ్లరు కట్టుకో.

మీ అక్క,
సుమిత్ర


జహీరాబాద్,
14 జనవరి 1961

అక్కా,

పడింది. ఫోటో పడింది. నీ తమ్ముడు మనిషయ్యాడు.

చీకటి గదిలో మందునీళ్ళలో కాగితం మీద ముందు పొగ తేలింది. ఆ తర్వాత వంతెన, ఆ తర్వాత ఇంజన్ మూతి. నేను లోపలినుంచి కేకపెడితే, పాము కరిచిందనుకొని మార్త తలుపు తీసింది. వెలుతురు పడి ఆ కాగితం పాడైంది. తిడదామనుకొని కూడా తిట్టలేదు. ఫిల్ము ఉంది కదా, ఇంకోటి అచ్చు వేశాను. అదే ఈ జాబులో పెట్టి పంపుతున్నాను.

నువ్వే చూడు. నాగప్ప పొగకు వంద దండాలు. ఆకాశం సగం నల్లగా, సగం తెల్లగా ఉంది. ఇంజన్ వంతెన దిగి మలుపు తిరుగుతున్నది. ముందర సిగ్నల్ స్తంభం, దాని చెయ్యి బారున అడ్డంగా చాపి ఉంది. ఇంజన్ మూతి సరిగ్గా ఆ స్తంభాన్ని దాటేటప్పుడు మీట నొక్కాను. ఆ చెయ్యి అట్లా అడ్డంగా లేకపోతే ఫోటోకు అందమే లేదక్కా. పెండ్లి పందిట్లో పెద్దమనిషి దయచేయండని చెయ్యి చాపినట్టుంది. ఇదంతా నా పనితనమని చెప్పుకోవాలని ఉంది గానీ, నిజానికి ఆ క్షణంలో నేను కండ్లు మూసుకున్నాను.

బావ మీద మాత్రం నాకు కోపంగా ఉంది. నేను కట్ట మీద కోతిలా ఎగిరాను. తువ్వాలు ఊపాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి నా దిక్కే చూశాడు. నాకూ ఆయనకూ మధ్య ఒక చిన్న పొలం దూరం కూడా లేదు. చెయ్యి ఎత్తలేదు సరికదా, మొహంలో ఒక్క గీత కదలలేదు. డ్రైవరు గర్వమంటే ఇదేనా అని అడుగు.

పోటీకి పెద్ద సైజు అచ్చు వేసి, నిన్ననే పోస్టులో పంపాను. మంచి చెడు మీ ప్రార్థనలో ఉంది.

ప్రకాశం


వికారాబాద్,
18 జనవరి 1961

తమ్మీ,

నీ ఫోటో అందింది. మీ బావకు చూపించలేదు. బియ్యం డబ్బా అడుగున పెట్టాను.

నువ్వింత చదువుకున్నావు, రైళ్ళ పిచ్చి అంటావు, నీకు సిగ్నల్ అంటే ఏమిటో తెలియదా? ఆ చెయ్యి కిందికి వంగి ఉంటే బండి పోవచ్చు. అడ్డంగా ఉంటే ఆగాలి. స్తంభానికి ఇవతలే ఆగాలి. నువ్వు అందమని మురిసిపోయావు కదా, ఆ చెయ్యి అడ్డంగా ఉండగా మీ బావ బండి దాటిపోయినట్టు నీ ఫోటో చెప్తున్నది. పొగ చూస్తే ఆపే ప్రయత్నం కూడా చేయలేదని ఎవరికైనా తెలుస్తుంది. ఇరవై ఏండ్లుగా డ్రైవరు పెండ్లాన్ని, నాకు తెలియదా?

ఆ రోజు ఆయన ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. కోనాపురం స్టేషన్‌మాస్టరు గురులింగప్ప ఈయనను పక్కకు పిలిచి అడిగాడట, సిగ్నల్ ఇవ్వకముందే ఎట్లా వచ్చావని. చెయ్యి దిగే ఉందని ఈయన ఒట్టు పెట్టుకున్నాడు. సిగ్నల్ దించే తీగ నేను నా చేతులతో గుంజలేదని గురులింగప్ప అన్నాడు. మాటామాటా పెరిగింది. దేవుడి దయవల్ల స్టేషన్ లోపల వేరే బండి లేదు. గురులింగప్ప మంచివాడు, పైకి రాయలేదు. ఇప్పుడు నీ ఫోటో అట్ట మీద పడితే దేశంలో ప్రతి స్టేషన్ పుస్తకాల కొట్టులో వేలాడుతుంది. రైలువాళ్ళందరూ చూస్తారు. ఉన్న ఉద్యోగం పోతుంది, ఈ ఇల్లు పోతుంది, పింఛను పోతుంది.

పొగ కావాలని నువ్వే అన్నావు. నాగప్ప వంగి బొగ్గు వేస్తుంటే సిగ్నల్ ఎవరు పిలుస్తారు? నీ దిక్కు చూడమని కూడా నువ్వే అన్నావు. ఎట్లా చేస్తావో నాకు తెలియదు, ఆ ఫోటో వెనక్కు తెప్పించు.

సుమిత్ర


జహీరాబాద్,
3 ఫిబ్రవరి 1961

అక్కా,

నీ జాబు చదివినప్పటినుంచి నాకు నా మొహం అద్దంలో చూసుకోబుద్ధి కాలేదు. దయచేయండని చెయ్యి చాపిన పెద్దమనిషట! ఆగురా గాడిదా అని అంటున్నాడని అర్థం కాని నేను, రైళ్ళ మీద పోటీకి పోయాను. బస్వమ్మ బర్రెకు తెలిసి ఉంటుంది. అందుకే అది నన్ను మొదటే ఆపాలని చూసింది.

హైదరాబాదు పోయి వచ్చాను. పత్రిక కచేరీలో ఒక పెద్దమనిషి నా పేరు వినగానే లేచి కుర్చీ వేశాడు. నా జన్మలో నాకు ఇంకొకరు కుర్చీ వేయడం అదే మొదటిసారి. మొదటి బహుమతి నాకేనట. అట్ట మీద అచ్చు వేయడానికి బ్లాకు చేయించబోతున్నారట. ఆ సిగ్నల్ చెయ్యి గీసిన గీత ఉంది చూశారూ, అందులో ఉంది మీ ప్రతిభ అన్నాడు. చాయ్ తెప్పించాడు, ఇరానీ బిస్కెట్లు తెప్పించాడు. నేను రెండు తిన్నాను. ఆ తర్వాత ఫోటో వెనక్కు ఇచ్చేయమని అడిగాను.

ఎందుకని అడిగాడు. నాకు వేరే పత్రికవాళ్ళు ఎక్కువ ఇస్తామన్నారనుకున్నాడు. నిజం చెప్పలేను, దారిలో తయారుచేసుకున్న అబద్ధాలన్నీ బిస్కెట్లతో పాటు మింగేశాను. నోటికి వచ్చింది చెప్పాను. ఆ ఫోటో నాది కాదు, వేరే ఎవరో తీసింది, నాదని పంపాను, మనస్సాక్షి ఒప్పుకోక వచ్చాను అన్నాను. ఆయన మొహం చూడాల్సింది. ముందు చాయ్ కప్పు నా ముందునుంచి తీయించాడు. తర్వాత ఫోటోను వేలికొనతో నా వైపు నెట్టాడు. నేను మెట్లు దిగుతుంటే ఇట్లాంటి జనం ఉండబట్టే దేశం ఇట్లుందని ఎవరితోనో అంటున్నాడు.

నా పేరు అచ్చులో పడాలని ఆశపడ్డాను కదా, పడింది. ఈ వారం సంచికలో, తలనూనె ప్రకటన కింద. జహీరాబాదు ప్రకాశం పంపిన చిత్రం ఇతరులదని తేలినందున పోటీనుంచి తొలగించామని. ఊళ్ళో అందరూ చదివారు. నిన్న పెండ్లి ఫోటోకు వచ్చినాయన, "మా ఫోటోలన్న నువ్వే తీస్తవా, ఎవ్వలతోనన్న తీపిస్తవా" అని అడిగాడు. మార్తకు మాత్రం నిజం చెప్పాను. అది రాత్రంతా ఏడ్చి, పొద్దున ఆ పేజీతో పొయ్యి అంటించింది.

బావ ఉద్యోగానికి ఇక భయం లేదు. కానీ ఒక మాట నన్ను తినేస్తున్నది. పెద్ద ఫోటో ఇప్పుడు నా ముందరే ఉంది. భూతద్దం పెట్టి చూశాను. బావ కండ్లు నా మీదే ఉన్నాయి. ఆ సిగ్నల్ నా పక్కనే ఉంది. తువ్వాలుతో ఎగురుతున్న నేను కనపడలేదు, అంత పొడుగు స్తంభం మీద ఎర్రటి చెయ్యి కనపడలేదు. నాగప్ప పిలవకపోతే బావకు తెలియదా అక్కా? నిజం రాయి.

ప్రకాశం


వికారాబాద్,
11 ఫిబ్రవరి 1961

తమ్మీ,

దొంగవని పేరు తెచ్చుకున్నావు. నీ జాబు చదివి నేనూ ఏడ్చాను. నీ మీద తప్పు మోపి రాశాను, అది నా మొగుణ్ణి కాపాడుకోవడానికి రాశాను. తప్పు నీది కాదు.

మీ బావకు దూరం కనపడటం లేదు. ఏడాది దాటింది. పుస్తకం దగ్గరగా పెడితే కళ్ళజోడు లేకుండా చదువుతాడు. చర్చిలో పాస్టరుగారి మొహం మాత్రం ఆయనకు ఉత్త తెల్లచొక్కా. దవాఖానలో కండ్ల పరీక్షకు పోయినప్పుడు ముందున్నవాళ్ళు చదివింది విని, గోడ మీది అక్షరాలు వరుసగా అప్పజెప్పి వచ్చాడు. మళ్ళీ పిలిస్తే తడబడొద్దని ఆ వారమంతా నేను ఇంట్లో ఆయనతో ఆ అక్షరాలు పాఠంలా చెప్పించాను. నాగప్పకు తెలుసు. సిగ్నళ్ళన్నీ వాడే చూసి వాడే పిలుస్తాడు, ఈయన వాడి మాట తిరిగి అంటాడు. ఆ రోజు వాడి తల పొయ్యి ముందర ఉంది.

ఆయనకు మాత్రం తన కండ్లు పోయినాయని నమ్మకం లేదు. దీపాలు మసకగా ఉన్నాయంటాడు, దవాఖాన గోడ మీద అక్షరాలు చిన్నగా రాశారంటాడు, సిగ్నళ్ళకు రంగు వేయడం లేదంటాడు. గురులింగప్ప తన మీద పగబట్టాడని ఇప్పటికీ అంటున్నాడు. నేను ఎదురు చెప్పలేను. ఇంజన్ మీదినుంచి దించితే ఆ మనిషి బతకడు. రెండేండ్లు, తమ్మీ. నాగప్ప ఉన్నాడు. ఇక నువ్వు పొగ అడగవు. ఈ మాట ఎవరికీ చెప్పనని దేవుని ముందర మాట ఇయ్యి.

సుమిత్ర


జహీరాబాద్,
20 ఫిబ్రవరి 1961

బావకు ప్రకాశం వందనాలు.

ఈ జాబు అక్క పేరుతో కాక ఇంజన్ల షెడ్డుకు, నీ పేరుతో రాస్తున్నాను. అక్క నన్నొక మాట అడిగింది. ఇస్తానని గానీ ఇవ్వనని గానీ నేను రాయలేదు. ఈ జాబు సంగతి తెలిసిన తర్వాత ఆమె నాతో మాట్లాడదు. చిన్నప్పుడు నాలుగు రోజులు మాట్లాడకపోతేనే నేను అన్నం మానేసేవాణ్ణి, ఇప్పుడు ఎట్లా ఉంటానో తెలియదు.

ఇందులో ఒక ఫోటో ఉంది. నీ ఫోటోనే. నీ తమ్ముడు ఫోటో పంపలేదేమని నువ్వు అక్కను అడిగే ఉంటావు. పోస్టులో పోయిందని ఆమె చెప్పి ఉంటుంది. పోలేదు. ఇది దానికంటే పెద్దది.

నేను నీకు నీతులు చెప్పే మనిషిని కాను. మూత తీయకుండా ఫోటో తీసినవాణ్ణి. పత్రికవాళ్ళు అచ్చువేసి చెప్పిన దొంగను. అందుకని ఏమీ చెప్పను. దీన్ని వెలుతురులో, దగ్గరగా పెట్టుకొని చూడు. ముందర ఇంజన్‌ను చూడు, బాగుంటుంది. తర్వాత సిగ్నల్ చూడు. అక్కడ ఆపకు బావా. వెనక రెండో డబ్బా కిటికీ చూడు. ఒక తల్లి బిడ్డను కిటికీ కమ్మీల దగ్గర నిలబెట్టి పట్టుకుంది. ఆ బిడ్డ చెయ్యి బయటపెట్టి నాకు ఊపుతున్నది. ఇన్ని రోజులు ఈ ఫోటోను చూసి మురిసిన నాకు, నిన్నటిదాకా ఆ బిడ్డ కనపడలేదు. నా కండ్లు కూడా అంతంత మాత్రమే.

నీ మీద నాకు ప్రేమ ఉంది బావా. ఎప్పుడూ చెప్పలేదు, నవ్వుతావని.

ప్రకాశం


వికారాబాద్,
9 ఏప్రిల్ 1961

ప్రకాశం,

నీకు జాబు రాయొద్దనుకున్నాను. నీ పేరెత్తితే ఇన్నాళ్ళూ నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. రాయమని ఆయనే కూర్చోబెట్టాడు.

నీ జాబు అందిన రోజు ఆయన షెడ్డునుంచి పొద్దున్నే వచ్చి, గుమ్మంలో ఎండకు కూర్చొని నీ ఫోటో చూశాడు. దాన్ని ముక్కుకు ఆనించుకొని చూస్తుంటే నేను చేస్తున్న పని వదిలి గుమ్మం దాకా వచ్చాను. తర్వాత అన్నాడు, "అడ్డంగనే ఉన్నది సుమిత్రా. గురులింగప్ప అబద్ధం చెప్పలే." నేను ఏదో సర్దిచెప్పబోయాను. "సిగ్నల్ దాటిన సంగతి నీకు ముందే తెలుసా" అని అడిగాడు. తెలుసన్నాను. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకొని పోయి, షెడ్డులో పెద్దసారుతో తనకు దూరం కనపడటం లేదని, సిగ్నల్ దాటానని తనే చెప్పాడు. నాగప్ప పేరు ఎత్తలేదు. ఎంక్వయిరీ జరిగింది. ఇంజన్ మీదినుంచి దించారు. తనంతట తాను చెప్పాడని పెద్దసారు ఉద్యోగం మాత్రం ఉంచాడు. ఇప్పుడు షెడ్డులో సామాన్ల గదిలో గుడ్డపీలికలు, నూనెడబ్బాలు ఇచ్చే పని. ఆ ఇల్లు ఖాళీ చేసి ఒంటిగది ఇంటికి మారాము. మొదటి వారం రైలు కూత వినపడితే లేచి చొక్కా వెదుక్కునేవాడు. నాకు నీ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

గురులింగప్పకు క్షమాపణ చెప్పుకోవడానికి తనే కోనాపురం పోయాడు. నిన్న గురులింగప్ప మా ఇంటికి వచ్చాడు. నీ ఫోటోకు అద్దం కట్టించి ఈ ఒంటిగదిలో గోడకు పెట్టుకున్నాడు మీ బావ. నేను వద్దన్నా వినలేదు. వచ్చినవాళ్ళు చూసి మొహం తిప్పుకుంటే, ఆయనే వేలుపెట్టి చూపిస్తాడు, ఇది నాకు కనపడలేదని.

గురులింగప్ప ఫోటో ముందర చాలాసేపు నిలబడ్డాడు. జహీరాబాదునుంచి పోటీకి పోయిన రైలు ఫోటో ఎవరిదో దొంగిలించిందని పత్రికలో పడ్డదట కద, అది ఇదేనా, పాపం తీసినాయన ఎవరో అన్నాడు. ఆయన ఊరికే అన్నాడు, మనసులో ఏమీ లేదు. మీ బావ చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"మా బామ్మర్ది తీసిండు. కట్ట మీద నిలబడి, తెల్ల తువ్వాల ఊపుకుంట తీసిండు. నేను బండి మీదికెళ్ళి నా కండ్లతోని చూసిన. ఎవ్వలన్న అడిగితే నా పేరు చెప్పు" అన్నాడు.

గురులింగప్ప నా దిక్కు చూశాడు. నేను కూడా అవునన్నాను.

మీ అక్క,
సుమిత్ర